అన్నం చెయ్యి, వాచీ చెయ్యి

మా ఆవిడకు కుడి ఎడమలు తెలియవని న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో మమ్మల్ని ఎరిగిన ప్రతి ఇంట్లోనూ తెలుసు. తెలియజేసింది నేనే. ఎవరింట్లో తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్ పెట్టుకున్నా, బిర్యానీలు అయిపోయి టీ కప్పులు చేతికొచ్చే వేళకు ఎవరో ఒకరు "సార్, ఆ కారు కథ చెప్పండి" అనేవారు. నేను చెప్పేవాణ్ని. లెఫ్ట్ అంటే ఆమె రైట్‌కి తిప్పడం, కారు రోడ్డు పక్క గట్టెక్కి బోర్డును గుద్దడం, పోలీసు వచ్చి "ఎటు వెళ్లాలనుకున్నారు మేడమ్?" అని అడిగితే ఆమె రెండు చేతులూ రెండు వైపులా చాపడం. ఆ చివరి ముక్క నేను కల్పించినది. నవ్వంతా దానికే వచ్చేది.

నిరుడు ఆమె ఒక పడవ పందెం గెలిచింది. ఆ గెలుపు గురించి రాయాలని కూర్చున్నాను. కానీ ముందు ఆ కారు కథ సరిగ్గా చెప్పకపోతే, ఆమె గెలిచింది ఏమిటో చదివేవాళ్లకు అందదు.

జరిగింది ఇది. అప్పటికి ఆమె లైసెన్స్ తీసుకుని ఏడాది కాలేదు. శనివారం మధ్యాహ్నం, సరుకులు కొనుక్కుని షాపింగ్ ప్లాజా నుంచి బయటికి వస్తున్నాం. ఆమె నడుపుతోంది. వెనక సీట్లో మా అమ్మాయి, అప్పటికి నాలుగేళ్ల పిల్ల. నేను పక్కన కూర్చుని ఫోన్‌లో ఆఫీస్ కాల్ వింటున్నాను. రోడ్డు అంచుకు వచ్చాక ఆమె "లెఫ్ట్‌కేనా అండీ?" అని అడిగింది. లెఫ్ట్‌కే. నేను ఫోన్ మీంచి తల ఎత్తకుండా, చిన్నప్పుడు ఎర్ర బస్సులో కండక్టర్ అన్నట్టే, "రైట్ రైట్" అన్నాను. పోనీ, పోనీ అని నా ఉద్దేశం.

ఆమె రైట్‌కి తిప్పింది.

న్యూజెర్సీలో కారు నడిపినవాళ్లు ఆమెను తప్పుపట్టరు. ఇక్కడ పెద్ద రోడ్ల మీద లెఫ్ట్‌కి వెళ్లాలంటే చాలాచోట్ల ముందు రైట్‌కి దిగి, చుట్టు తిరిగి రావాలి. నేను రైట్ అంటే అలాంటిదేదో ఉందనుకుంది. కానీ అక్కడ రైట్‌కి ఉన్నది లోపలికి వచ్చే కార్ల దారి. ఎదురుగా ఒక వ్యాన్ వస్తుంటే తప్పించడానికి పక్కకు కోసింది. కారు గట్టెక్కి బోర్డుకు తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్ల మాత్రం గుక్కపట్టి ఏడ్చింది. నేను కారు దిగి, పదిమంది చూస్తుండగా, "లెఫ్ట్ అంటే రైట్‌కి తిప్పుతావేంటి? కుడి ఎడమా కూడా తెలీదా?" అని అరిచాను.

"రైట్ అన్నారు కదా," అంది ఆమె.

"నేను లెఫ్ట్ అన్నాను."

ఆ మాట అబద్ధమని ఇంటికి చేరేలోపే నాకు తెలిసిపోయింది. మరునాడు చెబుదామనుకున్నాను. మరునాడు ఒక స్నేహితుడింట్లో నవ్వుతూ ఆ కథ చెప్పాను, నా తరఫునే చెప్పాను. ఒకసారి నవ్వించాక, కథ నాదైపోయింది.

ఆమె ఆ తర్వాత స్టీరింగ్ ముట్టలేదు. "నాకు పడదులెండి" అనేది. లైసెన్స్ మాత్రం గడువు తీరినప్పుడల్లా మార్పించుకునేది. బట్టల బీరువాలో ఇక కట్టని పట్టుచీర దాచుకున్నట్టు ఎందుకు దాచుకుంటోందో నేనెప్పుడూ అడగలేదు. పన్నెండేళ్లలో ఆమె నాతో అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాట "కొంచెం దింపుతారా?" కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన మనిషి, ఇంట్లో కూర్చుని ఎవరో పంపిన రిపోర్టుల్లో తప్పులు దిద్దే పని చేసింది. ల్యాబ్ ఉద్యోగాలు రెండు వచ్చినట్టే వచ్చి, "ఎవరు దింపుతారు?" దగ్గర ఆగిపోయాయి.

నిరుడు వేసవిలో మూడోది వచ్చింది. మందుల కంపెనీ ల్యాబ్, మంచి హోదా, మా అపార్ట్‌మెంట్ నుంచి హైవే మీద అరగంట. బస్సు లేదు, రైలు లేదు. మేం స్కాట్లాండ్ వెళ్లే వారం ముందు ఆఫర్ వచ్చింది. తిరిగొచ్చిన సోమవారం ఏ సంగతో చెప్పమన్నారు. విమానంలో అడిగాను, ఏం చేద్దామనుకుంటున్నావని.

"ఏముంది, వద్దని రాస్తాను," అంది, కిటికీ వైపు తిరిగి.

స్కాట్లాండ్‌లో మా తోడల్లుడు ఉంటాడు. మా ఆవిడ చెల్లెలి భర్త. ఎడింబరోలో ఉద్యోగం. ఎన్నేళ్లుగానో రమ్మని పోరుతుంటే ఆ జులైలో వెళ్లాం. ఎయిర్‌పోర్టులో కారు దగ్గరికి రాగానే మా ఆవిడ అలవాటుగా కుడివైపు ముందు తలుపు తీసి కూర్చుంది. కూర్చున్నాక చూస్తే ఎదురుగా స్టీరింగ్. వాళ్ల దేశంలో అది డ్రైవర్ సీటు.

"వదినా, మీరే నడుపుతారా ఏంటి? తాళాలివ్వనా?" అన్నాడు తోడల్లుడు.

అందరూ నవ్వారు. "అమ్మో, తనకిస్తే మనం అమెరికా తేల్తాం" అన్నాను నేను. ఆమె దిగి అటువైపు వెళ్లి కూర్చుంది. దిగేముందు ఒక్క క్షణం ఆ స్టీరింగ్ మీద చెయ్యి పెట్టడం మాత్రం చూశాను.

మమ్మల్ని ఫైఫ్ తీరానికి తీసుకెళ్లారు. చిన్న చిన్న రేవుల ఊళ్లు. ఎర్ర పెంకుల ఇళ్లు సముద్రం వైపు మెట్లు మెట్లుగా దిగుతుంటాయి. మేం ఇల్లు అద్దెకు తీసుకున్న ఊళ్లో రేవు గోడకు ఒక నోటీసు బోర్డు ఉంది. ఏడాది పొడుగునా ఆ తీరంలో ఏ నెలలో ఏముంటుందో దాని మీద అతికించి ఉంది. తోడల్లుడు ఆ బోర్డు ముందు గైడులా నిలబడి, ప్రతిదానికీ తన అనుభవం జోడించాడు.

"వసంతంలో ఆ ఎదురు దీవికి పడవలు పోతాయన్నా. నారింజ ముక్కులేసుకుని పొట్టి పొట్టి పక్షులుంటాయి, పఫిన్‌లంటారు. నేను పోయిన్నాడు ఒకటి నా బూటు మీదెక్కింది."

"ఎక్కలేదు. రెట్ట వేసింది," అంది మా మరదలు.

"ఆగస్టులో తిరునాళ్లలాంటిది ఉంటది. సెప్టెంబర్‌లో కోతల పండగ, ఆకాశం నిండా బాతులు. కొత్త సంవత్సరం రోజు ఊరు ఊరంతా వేషాలేసుకుని ఈ చన్నీళ్లలో దూకుతారు. పోయినేడు నేనూ దూకిన."

"మోకాళ్ల దాకా," అంది మరదలు. "బావగారూ, టీవీలో ఐస్ బకెట్ చూసి కూడా తుమ్ముతాడీయన."

జులైకి ఉన్నవి స్ట్రాబెర్రీ తోటలు, పీతలు పట్టే పోటీ, రేవు పండుగ. మొదటి రెండు రోజులూ తోటల్లో పళ్లు కోసుకున్నాం. కోసినవాటి కంటే తిన్నవే ఎక్కువ. తీరం పొడుగునా నడిచే దారిలో నడిచాం. ఒక పొద్దున సముద్రం మీంచి తెల్లటి పొగమంచు వచ్చి రేవును మింగేసింది. దాన్ని అక్కడ హార్ అంటారట. మధ్యాహ్నానికి ఎవరో దుప్పటి లాగేసినట్టు పోయింది. మూడో రోజు రేవు గోడ మీద కాళ్లు వేలాడేసుకుని, దారానికి బేకన్ మాంసం ముక్క కట్టి పీతలు పట్టాం. పట్టినవాటిని బకెట్లో లెక్కచూసి మళ్లీ నీళ్లలో వదిలేయాలని నియమం.

"వదిలేయడమా? ఇంతోటి పీతల్నా?" అంది మా ఆవిడ. ఆమె పుట్టిల్లు కాకినాడ. బకెట్‌లోకి చూసి, "పులుసుకి సరిపోయేవి" అని నిట్టూర్చి, ఒక్కొక్కటీ వదిలింది. వదులుతూనే రేవు బయట ఏదో చూస్తోంది. ఆ సాయంత్రమంతా మేం పీతలు చూస్తుంటే ఆమె పడవలు చూసింది.

అవి నలుగురు తెడ్లు వేసే చెక్క పడవలు. తీరంలో ఊరికొకటి, ఊరివాళ్లే చేసుకుంటారట. రేవు పండుగకు పక్క ఊళ్లవాళ్లంతా తెచ్చి పందేలు వేస్తారు. పెద్ద పందేలయ్యాక ఆటవిడుపుగా వచ్చినవాళ్లకు ఒకటి పెడతారు. మా తోడల్లుడు మమ్మల్ని అడక్కుండా దానికి మా పేర్లిచ్చి వచ్చాడు.

మాకు పడవ నేర్పడానికి ఒక పెద్దావిడ వచ్చింది. రిటైరైన టీచరు. ఎర్ర జాకెట్, మెడలో విజిల్. నలుగురు తెడ్లు వేయాలి, ఒకరు వెనక చుక్కాని పట్టాలి అంది.

"చుక్కాని నేను పడత," అన్నాడు తోడల్లుడు, ఛాతీ విరిచి.

పెద్దావిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, చుక్కాని దగ్గర తేలికైన మనిషి కూర్చోవాలి, బరువైనవాళ్లు పని చెయ్యాలి అంది. మరదలు పడీపడీ నవ్వింది. మా ఐదుగురిలో తేలికైన మనిషి మా ఆవిడ.

"నా వల్ల కాదండీ," అందామె వెంటనే.

నేను ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు. ఇంగ్లీష్‌లో ఆ పెద్దావిడతో, మా ఆవిడకు కుడి ఎడమలు తెలియవు అని చెప్పి, కారు కథ ఎత్తుకోబోయాను. పెద్దావిడ మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ పడవలో ఎవరికీ తెలియవు. తెడ్డు వేసేవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటారు. వాళ్ల కుడి ఈమెకు ఎడమ. ముందేముందో కనిపించేది ఈమె ఒక్కతికే. మీరు నలుగురూ గుడ్డివాళ్లు."

"అమ్మా, జస్ట్ ట్రై చేయి," అంది మా అమ్మాయి. "వరస్ట్ కేస్, మనం తడుస్తాం. అంతే కదా?"

మా ఆవిడ చెప్పులు విడిచి పడవలోకి దిగింది.

మొదటిసారి రేవు లోపలే గుండ్రంగా తిరిగాం. ఆమె "లెఫ్ట్" అంటే తోడల్లుడు తన లెఫ్ట్ లాగాడు, మా అమ్మాయి అమ్మ లెఫ్ట్ అనుకుని ఇంకోటి లాగింది. నేను ఎవరు చెప్పిందీ వినకుండా నాకు తోచింది లాగాను. పడవ గోడకు కొట్టుకుంది. గోడ మీద ఐస్‌క్రీమ్ తింటున్న ఒక ముసలాయన మర్యాదగా కాళ్లు పైకి తీసుకున్నాడు.

"ఆపండి," అంది మా ఆవిడ. అందరం ఆపాం. "ఈ పడవలో ఇక లెఫ్ట్, రైట్ అనే మాటలు ఎవరూ అనకూడదు. మీరూ అనకూడదు, నేనూ అనను. అన్నం తినే చెయ్యి ఏదో అందరికీ తెలుసు కదా?"

"తెలుసు."

"తెడ్డు అటువైపు ఉన్నవాళ్లు అన్నం చెయ్యి. రెండోవైపువాళ్లు వాచీ చెయ్యి."

"నాకు వాచీ లేదక్కా," అంది మరదలు.

"నువ్వు అన్నం చెయ్యివే. అన్నమన్నా తింటావా, అదీ లేదా?"

నేనూ తోడల్లుడూ వాచీ చెయ్యి. మా అమ్మాయీ మరదలూ అన్నం చెయ్యి. మా ఆవిడ "అన్నం ఆపు, వాచీ లాగు" అంటే పడవ ఒకవైపు తిరిగింది. "వాచీ ఆపు, అన్నం లాగు" అంటే రెండోవైపు. ఒక్క తప్పు పోలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇద్దరికీ, మా అమ్మాయికీ ఒకప్పుడు తన చెల్లెలికీ, ఏ చేత్తో తినాలో నేర్పిన మనిషి ఆమె. ఎదుటివాళ్ల కుడి తనకు ఏ వైపు ఉంటుందో ఆమె కళ్లకు అలవాటే. తెలియనిదల్లా, నా నోట్లోంచి వచ్చే రైట్‌కి అర్థమేమిటన్నదే.

మర్నాడు పందెం. గాలి చల్లగా ఉన్నా ఎండ కాసింది. రేవు గోడ మీద ఊరంతా కూర్చుంది. సన్నాయిలాంటి గొంతుతో బ్యాగ్‌పైప్ ఎవరో వాయిస్తున్నారు. మాతో పాటు ఇంకో మూడు పడవలు. ఒకదాంట్లో సైకిళ్ల మీద వచ్చిన జర్మన్ కుర్రాళ్లు, కాళ్లు తాటి మొద్దుల్లా ఉన్నాయి. వాళ్లను చూసి తోడల్లుడు "వదినా, సెకండ్ వచ్చినా పర్వాలేదు" అన్నాడు.

"మీరు నోరు మూసుకుని లాగండి మరిదిగారూ," అంది మా ఆవిడ. ఆయన నిజంగానే మూశాడు.

దారి తేలికే. రేవు నోటి నుంచి సముద్రంలో లంగరేసి తేలుతున్న నారింజ రంగు బుడగ దాకా పోయి, దాన్ని చుట్టి వెనక్కి రావాలి. విజిల్ ఊదగానే నాలుగు పడవలూ కదిలాయి. జర్మన్లు మొదటి నాలుగు లాగుళ్లలోనే మమ్మల్ని దాటేశారు.

నేను ఆమెకు ఎదురుగా మొదటి బల్ల మీద కూర్చున్నాను. నా కళ్ల ముందు ఉన్నది దూరమవుతున్న ఊరూ, ఆమె ముఖమూ. అంతే. ఆమె నడుపుతుంటే ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు. పక్కన కూర్చుని రోడ్డు చూశాను, స్పీడు చూశాను, తప్పులు చూశాను. ఇప్పుడు నాకు దారి కనిపించదు, ఆమె కనిపిస్తుంది. ఆమె నన్ను చూడడం లేదు. నా తల మీంచి దూరంగా చూస్తోంది. భయం లేదు ఆ ముఖంలో. వెతుకుతున్నా దొరకలేదు నాకు.

సగం దూరం వెళ్లాక ఉండబట్టలేక మెడ తిప్పి చూశాను. మిగతా మూడు పడవలూ తిన్నగా బుడగ వైపు పోతున్నాయి. మేం ఎటో పక్కకు పోతున్నాం. బుడగకూ మా పడవ ముక్కుకూ సంబంధం లేదు. అనుకున్నంతా అయింది, మళ్లీ కుడి ఎడమలు కలిపేసింది అనుకున్నాను.

"బుడగ అటుంది!" అని అరిచాను.

"వెనక్కి చూడకండి. నాకు కనిపిస్తోంది."

"అటు కాదు, మనం ఎటో..."

ఆమె "వాచీ, అన్నం, ఇద్దరూ కలిసి" అంటూనే ఉంది. నేను లాగడం మానేశాను. పడవను నేనే దారిలో పెట్టాలనుకుని, నా తెడ్డు నీళ్లలో నిలువుగా గుచ్చి పట్టాను. పడవ ఒళ్లు విరుచుకున్నట్టు వంకర తిరిగింది. వెనక తోడల్లుడి తెడ్డు నా తెడ్డుకు కొట్టుకుంది. "ఏమైందన్నా?" అని కేక.

మా ఆవిడ మొదటిసారి కళ్లు దించి నన్ను చూసింది. అరవలేదు. "ఏవండీ," అంది, "నడిపేది నేనా, మీరా?"

పన్నెండేళ్ల కిందట షాపింగ్ ప్లాజా గట్టు మీద, పదిమంది ముందు, ఆమె అడగాల్సిన ప్రశ్న అది.

"నువ్వే," అన్నాను.

"అయితే లాగండి."

లాగాను. కళ్లు ఆమె ముఖం మీదే పెట్టి, ఎటు పోతున్నామో అడక్కుండా లాగాను. కాసేపటికి పక్కనుంచి కేకలు వినిపించాయి, జర్మన్ భాషలో. తిరిగి చూడకుండానే నాకు ఎదురుగా ఆ పడవ కనిపించింది. అంటే మా వెనక ఉంది. ఏం జరిగిందో తర్వాత గోడ మీద కూర్చున్నవాళ్లు చెప్పారు. ఆ వేళకు సముద్రం వెనక్కి తీస్తుంటుంది. రేవు దాటగానే నీళ్లు పడవల్ని పక్కకు ఈడ్చుకుపోతాయి. బుడగ మీదికి తిన్నగా పోయినవాళ్లు దాన్ని దాటి కొట్టుకుపోయి, నీళ్లకు ఎదురు తిరిగి రావలసి వచ్చింది. మా ఆవిడ ముందే బుడగకు ఎగువకు పట్టింది. నీళ్లే మమ్మల్ని బుడగ దగ్గరికి దించాయి.

"వాచీ గట్టిగా! అన్నం ఆపు!" అంది ఆమె. పడవ బుడగను చెయ్యి చాపితే తాకేంత దగ్గరగా చుట్టింది. మా అమ్మాయి నిజంగానే దాన్ని తాకి కేక పెట్టింది.

ఇక వెనక్కి, రేవు వైపు. ఇప్పుడు ఊరు నా వెనకుంది, కనిపించేది సముద్రమూ ఆమే. చేతులు మండుతున్నాయి. జర్మన్లు దగ్గరపడుతున్నారు. వాళ్ల కాళ్ల గురించి చెప్పాను కదా. ఆమె చుక్కాని మీద ముందుకు వంగి, నా కళ్లలోకి సూటిగా చూసింది. ముఖం మీద సన్నగా ఒక నవ్వు.

"రైట్ రైట్!" అంది.

తెడ్డు నా చేతిలో జారబోయింది.

"రైట్ రైట్! రైట్ రైట్! పోనీయ్!" నిండు బస్సు కండక్టర్ గొంతు అది. తోడల్లుడు "రైట్ రైట్!" అని అందుకున్నాడు. మరదలు అందుకుంది. మా అమ్మాయి అమెరికన్ యాసలో "రైట్, రైట్!" అని అరిచింది. గోడ మీద జనానికి అదేదో మా యుద్ధనినాదం అనిపించినట్టుంది. పిల్లలు మొదలుపెట్టారు, పెద్దలు కలిపారు. స్కాట్లాండ్ రేవు గోడ మీద ఊరు ఊరంతా "రైట్ రైట్" అని అరుస్తుంటే, మేం రేవు నోట్లోకి దూసుకొచ్చాం. విజిల్ మోగింది. పడవ నిడివిలో సగం తేడాతో మొదట వచ్చింది మేమే.

ఆ ఎర్ర జాకెట్ పెద్దావిడ మెట్ల మీద మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగివచ్చి మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నీళ్లు పక్కకు లాగుతాయని నీకెవరు చెప్పారు?" అని అడిగింది.

"పీతలు పట్టిన సాయంత్రమంతా ఆ పడవల్నే చూశాను. పన్నెండేళ్లుగా పక్కసీట్లో కూర్చుంటున్నాను కదా. చూడడమే నా పని," అంది మా ఆవిడ ఇంగ్లీష్‌లో.

బహుమతిగా స్ట్రాబెర్రీల బుట్ట ఇచ్చారు. గోడ మీద కూర్చుని చేపలూ చిప్సూ తింటూ ఆ పళ్లు తిన్నాం. తోడల్లుడు అప్పటికే నలుగురికి ఫోన్‌లు చేసి, తాను ఒంటిచేత్తో పడవ లాగినట్టు చెబుతున్నాడు. మా ఆవిడా నేనూ కాస్త ఎడంగా కూర్చున్నాం. నా అరచేతుల్లో బొబ్బలు.

"రైట్ రైట్ అన్నావు," అన్నాను.

"పోనీయమని అర్థం కదండీ. ఆ రోజు మీరు అదే అన్నారు."

"నీకు తెలుసా?"

"ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతుంటే తట్టింది. ఈయన కండక్టర్ లాగా అన్నాడు, నేను అమెరికా లాగా విన్నాను అని."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు అనలేదు?"

ఆమె ఒక చిప్ తీసుకుని వెనిగర్‌లో ముంచింది. "మీరు చెప్తారేమోనని చూశాను," అంది.

నేను మా అమ్మాయిని పిలిచాను. తర్వాత చెబుదామనుకుంటే మళ్లీ పన్నెండేళ్లవుతుందని భయమేసింది. దానికి మొత్తం చెప్పాను, ఫోన్, కండక్టర్ మాట, నేను లెఫ్ట్ అన్నాననడం, రెండు చేతులు చాపడం నా కల్పన అని. అది వింటూ వింటూ నవ్వు ఆపేసింది.

"నాన్నా, దట్స్ నాట్ ఫన్నీ. నేను కూడా నవ్వాను, ఎవ్రీ టైమ్. అమ్మ ముందు." వెళ్లి వాళ్లమ్మను వాటేసుకుంది. "అమ్మా, నువ్వు నన్ను క్రాష్ చేయలేదు. నువ్వు వ్యాన్‌ని మిస్ చేశావు. ఇట్స్ లైక్, నువ్వు నన్ను సేవ్ చేశావు."

అలా చూడవచ్చునని నాకు ఒక్కసారీ తోచలేదు.

ఆదివారం న్యూజెర్సీ చేరాం. సోమవారం పొద్దున మా ఆవిడ ల్యాబ్‌కి మెయిల్ రాసింది. నన్ను చదవమనలేదు. "చేరేది వచ్చే నెల మొదట్లో" అని మాత్రం చెప్పింది. ఆ నెలంతా, సెలవు రోజుల్లో ఖాళీగా ఉండే ఒక ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో తల్లీ కూతురూ ఒకరి తర్వాత ఒకరు కారు నడిపారు. మా అమ్మాయి అప్పుడే కారు నేర్చుకునే పర్మిట్ తీసుకుంది. నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టారు. షరతు ఒకటే, నోరు విప్పకూడదు. వెనక సీటు నుంచి వాళ్లిద్దరి మాటలు వినిపించేవి.

"అమ్మా, ఇక్కడ అన్నం చెయ్యా, వాచీ చెయ్యా?"

"వాచీ. సిగ్నల్ వెయ్యి ముందు."

తిరిగొచ్చాక మొదటి పాట్‌లక్ రానే వచ్చింది. టీ కప్పులు వచ్చాయి. మా స్నేహితుడొకరు, ఆ ఇంటాయన, "ఏంటి మేడమ్, మళ్లీ డ్రైవ్ చేస్తున్నారంట? మా వీధికి ముందే చెప్పండి, పిల్లల్ని లోపలికి పిలుచుకుంటాం" అని, "సార్, ఆ కథ ఒకసారి..." అన్నాడు.

"చెప్తాను," అన్నాను. చెప్పాను, జరిగింది జరిగినట్టు. రైట్ రైట్ దగ్గర ఇద్దరు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆ ఇంటావిడ వంటింటి గుమ్మంలో టీ పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది.

"అయితే ఇన్నేళ్లూ..." అన్నాడు స్నేహితుడు.

"ఇన్నేళ్లూ అబద్ధం."

మా ఆవిడ అందుకుంది. "మరి పడవ కథ చెప్పనా? దాంట్లో కల్పన లేదు," అని లేచి నిలబడి, సోఫా మీదివాళ్లను పడవలో కూర్చున్నట్టు తిప్పి కూర్చోబెట్టి, అన్నం చెయ్యి వాచీ చెయ్యి అని పేర్లు పెట్టి మొదలుపెట్టింది. చివరికి వచ్చేసరికి ఆ హాలంతా "రైట్ రైట్" అని అరుస్తోంది. కింది ఫ్లాట్ వాళ్లు చీపురుతో పైకప్పు తట్టారు.

ఆమె ఉద్యోగంలో చేరే రోజు పొద్దున నేనూ పార్కింగ్ దాకా వెళ్లాను. నన్ను దింపమని అడగలేదు, నేను దింపుతాననీ అనలేదు. సీటు ముందుకు జరుపుకుంది, అద్దాలు సవరించుకుంది, టిఫిన్ డబ్బా పక్క సీట్లో, నేను పన్నెండేళ్లు ఆమెను కూర్చోబెట్టిన వైపు, పెట్టి బెల్టు కట్టింది. కారు మెల్లగా వెనక్కి వచ్చి తిరిగింది. గేటు దగ్గర ఎడమ వైపు ఇండికేటర్ వెలిగింది. ఎటు అని నన్ను అడగలేదు.

నేను వెనకే నాలుగడుగులు పరిగెత్తి, బస్సు మీద కొట్టినట్టు, డిక్కీ మీద అరచేత్తో రెండుసార్లు చరిచాను. "రైట్ రైట్!"

కారు ఆగింది. కిటికీ అద్దం దిగింది.

"ఏవండీ, సొట్ట పడుతుంది," అంది. అద్దం ఎక్కించి, ఎడమకు తిప్పి, వెళ్లిపోయింది.